యాభై రెండో నంబరు కవరు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు టైలరు ట్రావెల్ ఆఫీసు టేబుల్ మీది పాస్‌పోర్టు కవరొకటి తీసి చొక్కాలో దోపుకున్నాడు. నీలం గుడ్డతో కుట్టిన కవరు. దాని మీద తెల్ల దారంతో 52 అని ఉంది. ఆఫీసు నడిపే ఆవిడ ఆ సమయంలో లోపలి గదిలో టికెట్లు ప్రింటు తీస్తోంది.

టైలరు లెక్కలో 52 అంటే బావమరిది.

అతని షాపులో ఎవరికీ పేర్లుండవు. నడుము కొలతే పేరు. 40 అంటే ఎలక్ట్రీషియన్, 44 అంటే పోస్ట్‌మాన్, 34 అంటే తనే. పన్నెండో ఏట మిషను ముందు కూర్చున్నవాడు, నలభై ఏళ్ళుగా మనుషులను అంగుళాల్లోనే గుర్తుపెట్టుకుంటున్నాడు. జపాన్ ప్రయాణం ఖాయమయ్యాక వెళ్ళే ఈ నలుగురికీ తనే కవర్లు కుట్టాడు. అలవాటు చొప్పున నంబర్లు వేసి ఆవిడ చేతికిచ్చాడు.

“వీసాలు వచ్చాక ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ కవర్లో పెట్టెయ్యమ్మా. నంబరు చూస్తే నీకే తెలిసిపోతుంది.”

ఆవిడ నాలుగు కవర్లూ చూసింది. “తెలిసిపోయింది బాబాయ్” అంది.

వెళ్ళేది సూమో కుస్తీ చూడడానికి. ఆ ఆలోచన టైలరుదే. ఆరేళ్ళ కిందట టీవీలో మొదటిసారి చూశాడు. మల్లుడి నడుముకు చుట్టిన ముప్పై అడుగుల గుడ్డ. ఒక్క కుట్టు లేదు, గుండీ లేదు, నాడా లేదు. దాన్ని పట్టుకుని ఒక మనిషి ఇంకో మనిషిని ఎత్తి అవతల పడేశాడు. గుడ్డ జారలేదు. తను రెండేసి కుట్లు వేసిన ప్యాంట్లు వంగితేనే పిగులుతున్నాయి. ఆ గుడ్డను ఒకసారి దగ్గరనుంచి చూడకుండా పోకూడదనుకున్నాడు.

ఈ ఆరేళ్ళూ అతను చూసింది మాత్రం సగం సూమో, సగం బావమరిది వీపు. బేకరీలో పనిచేసే బావమరిది పదహారో ఏట అక్క దగ్గర నాలుగు రోజులుంటానని వచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా టీవీకి ఎదురుగానే కూర్చున్నాడు.

పోయిన నెల ట్రావెల్ ఆఫీసు ఆవిడ సీట్ల సంగతి చెప్పింది. కుర్చీలుండవు. నేలమీద చుట్టూ కమ్మీ బిగించిన చదరం, నలుగురికి ఒకటి. ఒక్కో వైపు యాభై ఒక్క అంగుళాలు.

టైలరు టేపు తీసి షాపు నేలమీద సుద్దతో చదరం గీశాడు. నలుగురూ అందులో కూర్చుని చూశారు. ముందు బావమరిది. పోస్ట్‌మాన్ మోకాలు వచ్చి టైలరు డొక్కలో దిగింది. కళ్ళెదురుగా వీపు.

“ఏం బావా, సరిపోయాంగా?” అన్నాడు బావమరిది వెనక్కి తిరక్కుండానే. తిరగడానికి చోటు లేదు.

“నువ్వు సరిపోయావురా. మేమే మిగిలిపోయాం.”

“అక్కడ నన్ను చూసి గోదాలోకి దిగమంటారేమో?”

“దిగు. నాకు కాళ్ళు చాపుకోడానికి చోటొస్తుంది.”

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు బావమరిదే. ఆ నవ్వుకు ఒక వైపు సుద్దగీత చెరిగిపోయింది. టైలరు నవ్వలేదు. చుట్టుకొలతకూ వెడల్పుకూ తేడా తెలియని మనిషి కాదు. అయినా యాభై ఒకటిలో యాభై రెండు ఎలా పడుతుందన్న లెక్క ఆ రోజు నుంచి అతన్ని వదల్లేదు.

విమానం గురువారం. మంగళవారం పాస్‌పోర్టు పోతే గురువారానికి ఇంకొకటి రాదు. ఈ సంగతి టైలరు ముందే కనుక్కుని ఉంచుకున్నాడు, ఎవరో తెలిసినవాళ్ళ కోసం అన్నట్టు.

కవరుతో నేరుగా షాపుకు వచ్చాడు. విప్పి చూడలేదు. ఫొటోలో మొహం చూస్తే చెయ్యి రాదేమోనని భయం. గుడ్డ చేతిలో ఉంటే ఊరుకోలేక కవరు మూతి జంట దారంతో కుట్టేశాడు. పాత మిషను చక్రానికి కట్టి, పన్నెండూ నలభైకి వంతెన మీదనుంచి నదిలో వదిలాడు. మునిగిందని రూఢి చేసుకున్నాక ఇంటికి వెళ్ళాడు. భోజనం దగ్గర బావమరిదికి మారు తనే వడ్డించాడు. భార్య అతన్ని ఎగాదిగా చూసింది.

బుధవారం పదింటికి నలుగురూ ట్రావెల్ ఆఫీసుకు వెళ్ళారు. టేబుల్ మీద మూడు కవర్లున్నాయి. ఆవిడ సొరుగులన్నీ బయటికి లాగి పెట్టింది.

“ఒకటి కనిపించడం లేదు బాబాయ్. నిన్న నాలుగూ ఇక్కడే పెట్టాను. రాత్రంతా నిద్ర లేదు నాకు.”

“ఏ నంబరు?” అన్నాడు టైలరు.

“యాభై రెండు.”

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ కిర్రుమంది. “అది నాదే బావా” అన్నాడు.

టైలరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెప్పాల్సిన మాట నిన్నటి నుంచి సిద్ధంగానే ఉంది.

“బాధపడకురా. మీ అక్కకు తోడుగా ఉండు. ఒక్క పట్టు కూడా వదలకుండా చూసొచ్చి నీకు చెప్తాగా.”

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. “నా చోట్లో కాళ్ళు చాపుకో బావా. నీకసలే మోకాళ్ళ నొప్పులు.”

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత 34 నంబరు కవరు చేతిలోకి తీసుకుంది. టైలరు చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి దాటించి కవరును బావమరిదికి అందించింది. బావమరిది విప్పాడు. లోపలి ఫొటోలో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అతని మొహమే ఉంది.

“నంబరు చూస్తే తెలిసిపోతుందన్నారుగా, పుట్టిన తేదీలు చూసి ఎవరి వయసు కవర్లో వాళ్ళది పెట్టాను” అంది ఆవిడ. “ఎలక్ట్రీషియన్‌గారికి ఒక ఏడాది ఎక్కువ కుట్టారు గానీ మిగతావన్నీ సరిగ్గా సరిపోయాయి. యాభై రెండేళ్ళవాళ్ళు మీరొక్కరే బాబాయ్.”