రంపం ఎరగని అడవి

గేటుకు తగిలించిన బోర్డు మీది మంచును హెల్కా చేత్తో తుడిచింది. ‘పరిశోధన అడవి. రంపం నిషేధం. పడిపోయిన చెట్టును కూడా కదపరాదు.’ కింద ఒక ఫోన్ నంబరు.

గేటు అవతల అడవి అడవిలా లేదు. ఫిన్లాండ్ వాళ్లకు మంచు కొత్తేమీ కాదు. కానీ రెండు రోజులుగా ఎడతెరిపి లేకుండా కురిసింది తడి మంచు, ఇనుమంత బరువు. పైన్ చెట్లు కొన్ని నడిమికి విరిగాయి. కొన్ని వంగి ఒకదాని మీద ఒకటి కూలాయి. మనిషి దూరే సందు లేదు.

ఆ చెట్లకు అవతల, సరస్సు ఒడ్డున, ఒక మనిషి కూలిన మాను కింద చిక్కుకుని ఉన్నాడు. కాలు నలిగింది. ఎమర్జెన్సీ సెంటర్ నుంచి వచ్చిన కబురు అంతే. అంబులెన్సు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయింది. ఈ గాలిలో హెలికాప్టర్ ఎగరదు. ఇక మిగిలింది ఊరి అగ్నిమాపక దళం. దళమంటే ఇద్దరే. బేకరీలో పనిచేస్తూ, పిలిస్తే పరిగెత్తుకొచ్చే హెల్కా, ట్రాక్టర్లు బాగుచేసే తైస్తో. ఒక మంచు బండి, దాని వెనక మనిషిని పడుకోబెట్టి లాగే స్లెడ్జి, రెండు మోటారు రంపాలు.

హెల్కా ఈ ఊరికి కొత్త. తైస్తో ఇక్కడే పుట్టాడు.

“ఆ నంబరు తౌనోది,” అన్నాడు తైస్తో. “ఈ అడవికి పెద్ద ఆఫీసరు. చెట్టు మీద గోరు ఆననివ్వడు. పెళ్లాం పోయిన రోజు కూడా చెట్లు కొలుచుకుని మరీ శ్మశానానికి వచ్చాడు.”

“మనిషి పోతుంటే కూడా వద్దంటాడా?”

“అడిగి చూడు.”

చాలాసేపు మోగాక తౌనో ఫోన్ ఎత్తాడు. సంగతి సగం వినగానే, “రంపం పెట్టొద్దు,” అన్నాడు. మాటకీ మాటకీ మధ్య తీరిగ్గా ఆగుతున్నాడు. “అవి నాటి వందేళ్లయింది. ఇప్పటిదాకా ఎవరూ కొమ్మ కొట్టలేదు. మనం చెయ్యి పెట్టకపోతే... పెద్ద మంచుకి ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో చూద్దామని నాటారు. ఆ మంచు ఇదే. పడ్డవి పడ్డట్టే ఉండాలి. బురదనేల మీదుగా చుట్టు తిరిగి రండి.”

“అది చాలా దూరం కదండీ. ఆయనెవరో మీకేమైనా తెలుసా? అంతసేపు ఆగగలడా?”

అవతల ఊపిరి బరువుగా వినిపించింది.

“మా మనిషే. మొండి ఘటం. ఆగుతాడు. అవసరమైతే మళ్లీ చెయ్యమ్మాయ్. నేనెక్కడికీ పోను.”

ఎందుకు పోతాడు, అనుకుంది హెల్కా. పొయ్యి పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాడు మహారాజు.

బండిని బురదనేల వైపు తిప్పారు. మంచు కింద నేల గడ్డకట్టనే లేదు. సగం దూరం పోయేసరికి బండి ముక్కు నీళ్లలో కూరుకుపోయింది. దాన్ని వెనక్కి లాగేసరికి ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది. బూట్ల నిండా నీళ్లు. వెలుతురు తగ్గుతోంది, చలి పెరుగుతోంది. దిక్కుతోచక మళ్లీ గేటు దగ్గరికే వచ్చారు.

హెల్కా మళ్లీ ఫోన్ చేసింది. “మీ బురదనేల మమ్మల్నే మింగబోయింది. ఇక కోస్తున్నాం.”

“వద్దు. కొండ పక్కగా ఒక దారి...”

“అక్కడ మనిషి గడ్డకట్టుకుపోతున్నాడండీ. చెట్లదేముంది, మళ్లీ మొలుస్తాయి.”

“చెట్లు మొలుస్తాయి. వందేళ్లు మొలుస్తాయా?”

“ఆ కాలు మీదై ఉంటే తెలిసేది.”

అవతల చిన్నగా నవ్వినట్టు వినిపించింది. “అదీ నిజమే,” అన్నాడు.

హెల్కాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. తైస్తో వైపు చూస్తే అతను చెట్ల వంక చూస్తున్నాడు.

“నాటిన వాళ్లలో మా తాత కూడా ఉన్నాడే,” అన్నాడు. “ఒక్కసారి ఆ కొండ దారి కనుక్కో.”

మూడోసారి ఫోన్ ఎత్తడానికే యుగం పట్టింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

“ఎడం పక్క... కాదు... నిద్రొస్తోందమ్మాయ్. కాసేపాగి చెయ్యి.”

హెల్కా లైన్ కట్ చేసింది. ఫోన్ జేబులో కుక్కింది. “నిద్రట. అవతల ప్రాణం పోతుంటే దొరగారికి నిద్రొస్తోందట.” అప్పటిదాకా ఉన్న జంకు ఆ ఒక్క మాటతో వదిలిపోయింది. రంపం తాడు లాగింది.

తైస్తో తలొంచుకుని తన రంపం అందుకున్నాడు. “తాత చూస్తే ఏమంటాడో.”

“ముందు మనిషిని తెమ్మంటాడు. పట్టు.”

వంగిన చెట్టును కోస్తే కొరడాలా లేస్తుంది. ఒకటి తైస్తో చెంప చీరింది. పైనుంచి మంచు బస్తాల్లా పడుతోంది. హెల్కా పడ్డవాటినీ కోసింది, నిలబడ్డవాటినీ కోసింది. కోసిన ప్రతి చెట్టుకీ తౌనోను తిట్టింది. తెల్లటి రంపపు పొట్టు ఆమె కనుబొమల దాకా అంటుకుంది. మధ్యలో ఒకసారి, ఇంత చేసీ అక్కడ శవమే దొరికితే అన్న ఆలోచన వచ్చింది. ఆగితే మళ్లీ లేవలేనని ఆగలేదు.

చివరికి సరస్సు కనబడింది. ఒడ్డున పెద్ద స్ప్రూస్ చెట్టు కూలి ఉంది. దాని కింద మంచులోంచి ఉన్ని టోపీ ఒకటి కనబడుతోంది. తైస్తో మాను కింద గుంజ దూర్చి పైకెత్తుతుంటే హెల్కా మోకాళ్ల మీద కూలబడింది. చేతి తొడుగు పీకేసి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. నాడి ఉంది, దారపు పోగంత. భుజం పట్టుకుని కుదిపింది.

ముఖం మీది మంచు తుడవగానే ఆ ముసలాయన కళ్లు తెరిచి, మధ్యాహ్నం నుంచీ ఆమె ఫోన్లో వింటున్న గొంతుతోనే అడిగాడు: “ఎన్ని కొట్టావమ్మాయ్?”