ఎడమ రెక్క

అది ఇషిం నది పొంగి ఊళ్లోకి వచ్చిన ఏడాది. రైల్వే షెడ్డులో, పట్టాల మీది మంచు తోసే పాత బండి ఎడమ రెక్కకు తొలెగెన్ మళ్ళీ గ్రీజు పూస్తున్నాడు.

"రొట్టెకి వెన్న కూడా ఇంత పూయవు కదన్నా!" అన్నాడు ఇంజన్ డ్రైవర్ సపర్.

"వంతెన దగ్గర ఇది మూసుకోక, కమ్మీకి తగిలే కదరా నా తమ్ముడు పోయింది. ఆ ఏడు గ్రీజు పెట్టడం మరిచాను. మరదలు ఇప్పటికీ నా మొహం చూడదు."

సపర్ టోపీ తీశాడు.

"రెక్క బిగుసుకోలేదన్నా. దాన్ని తెరిచి మూసే పని వాడిది, ఎగిరే మంచులో వాడికి దారి కనపడదు. వంతెన ముందు నేను ఇంజన్ కూత వేస్తేనే మూసేవాడు. ఆ రోజు వెయ్యలేదు. కునుకు పట్టింది."

తొలెగెన్ గ్రీజు డబ్బాకి మూత పెట్టాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నలుగురు పిల్లలున్నోడివి."

మరునాడు పొద్దున్నే తొలెగెన్ మరదలి గుమ్మం ముందు బొగ్గు బస్తా దించాడు. ఆమె చూసి తలుపు వేసుకుంది. అతను ఏమీ చెప్పకుండా వెనక్కి తిరిగాడు.