సాంబ్రాణి పొగే

ఆ మేడలో రాకపోకలన్నీ లిఫ్టులోనే; మెట్ల తలుపు మనుషుల చేతిలో లేదు. పొగ వాసన పట్టి, ప్రమాదమనుకుంటేనే, మాటలాడే యంత్రం అమర్చిన గోడ దాన్ని తెరుస్తుంది. నూకరత్నం పసిదానికి నీళ్లు పోసి సాంబ్రాణి వేసిన మొదటి రోజు గోడ ఒకటే గోల పెట్టింది. అంతస్తంతా పిల్లాపాపలతో కిందికి పరుగెత్తింది.

"ఏటే రత్నం, నీ కూతురి తలారబెట్టడానికి మమ్మల్నందర్నీ వీధిలో నిలబెడతావేటి?" అని పక్కగది అప్పలనర్సమ్మ నవ్వింది. "సాంబ్రాణేనని గోడకి చెప్పీయే. అదే నేర్చుకుంటాది."

"సాంబ్రాణేనమ్మా, గాభరా పడకు," అని నూకరత్నం రోజూ గోడకు చెప్పింది. మిగతా తల్లులూ చెప్పారు. గోడ నేర్చుకుంది.

ఈ మధ్యాహ్నం వరండాలో ఛార్జింగుకు పెట్టిన బండి బ్యాటరీ అంటుకుంది, లిఫ్టు ఆగిపోయింది. నూకరత్నం బిడ్డను గుండెకు అదుముకుని మెట్ల తలుపు బాదింది.

"నిప్పమ్మా! నిజం నిప్పే! తలుపు తియ్యి తల్లీ!"

"సాంబ్రాణేనమ్మా, గాభరా పడకు," అంది గోడ. అదే మాట గదిగదికీ చెప్పింది.

పొగకు నూకరత్నం గొంతు పూడుకుపోయింది. తడుముకుంటూ వెళ్లి అప్పలనర్సమ్మ తలుపుకు ఆనుకుని కూలబడింది.

"రత్నం పిల్లకి నీళ్లు పోసినట్టుంది," అంటోంది లోపల అప్పలనర్సమ్మ, నిద్రమత్తులో.