పసుపు రాసిన చెయ్యి

“నేనైతే ఎన్నడు తప్పు నడువలే మేడం. గీ రోగం ఏడికెల్లి తెచ్చుకుందో దాన్నే అడుగుండ్రి!”

నారాయణఖేడ్ దవాఖానలో భర్త దుర్గేశ్ అరుస్తుంటే, ఉమారాణి ఆరో నెల కడుపు మీద చేతులు పెట్టుకుని తల దించుకుంది. ఆమెకు హెచ్ఐవి ఉందని నిన్ననే పరీక్షలో తేలింది.

నర్సు సుహాసిని సిరంజి తీసింది. “నీ రక్తం గూడ చూడాలె. అంగి చెయ్యి మడువు.”

“సూది కొత్తదేనా?”

“కొత్తదే. ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చం.”

దుర్గేశ్ చెయ్యి మడవలేదు. సుహాసినే మడిచింది. నరం పొడవునా నల్లటి చుక్కలు.

“నషా సూదులా? ఎంతమంది?”

“నలుగురం దోస్తులం. అందరికి ఒకటే సూది. వేడినీళ్లతోని కడుగుతుంటిమి.”

“నీళ్లకు పోయే రోగమా ఇది?”

ఉమారాణి తలెత్తి ఆ చేతిని చూసింది. కందికట్టెలు గుచ్చుకున్నాయని అతను చెబితే నమ్మి, ఆ చుక్కల మీద నిన్నటిదాకా రోజూ పసుపు రాసింది తనే.

“కంది కోసి నాలుగు నెలలాయె,” అంది మెల్లగా. “నాకే సోయి లేకపాయె.”