కిటికీ కింద బెంచీ

ఫిబ్రవరి పదకొండో తారీకు. ఆ పొద్దున వాళ్ళు తిన్నది డబ్బాలోని చిక్కుడు గింజలు, ముందురోజు మిగిలిన మొక్కజొన్న రొట్టె. నిలబడే తిన్నారు. కూర్చుని తినే బల్లను ఎల్డన్ అప్పటికే సగానికి కోసేశాడు.

సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి నుంచి రాయిస్‌ను తీసుకొస్తారు. అతనితో పాటు ఇనప మంచం, ఆక్సిజన్ యంత్రం కూడా వస్తాయి. ఇంట్లో మంచం పడితేనే మనిషిని దించుతామని నర్సమ్మ ఫోన్‌లో ఖరాఖండీగా చెప్పింది. పట్టకపోతే అంబులెన్సు అటునుంచటే ఫీనిక్స్ పోతుంది. అక్కడ దిక్కులేనివాళ్ళ వార్డులో పడేస్తారు. రాయిస్‌కు మిగిలింది మహా అయితే రెండు వారాలు.

"వార్డులో పోనివ్వను" అంది నడీన్.

రాత్రంతా ఆమె కంటిమీద కునుకు లేదని ఎల్డన్‌కు తెలుసు. ఆమె ఒత్తిగిలినప్పుడల్లా బండి కదిలింది.

ట్రక్కు వెనక తగిలించుకుని తిరిగే ఆ ట్రైలరే వాళ్ళ ఇల్లు. చలికాలం అరిజోనా ఎడారిలో, ఎండాకాలం ఒరెగాన్ కొండల్లో. నిజానికి అది నడీన్ ఇల్లు. పెళ్ళయ్యాక ఎల్డన్ ఒక రకంగా అందులోకి ఇల్లరికం వచ్చాడు.

మధ్యాహ్నానికల్లా సగం బల్లకు మడత బందులు వేసి గోడకు వేలాడదీశాడు. గిన్నెల అరను పైకప్పుకు ఎక్కించాడు. యంత్రానికి చోటు కావాలని వెనకవైపు తమ మంచాన్ని కూడా కోశాడు. ఇద్దరు పడుకునే మంచం ఒక్కరికి సరిపడేంత మిగిలింది.

పక్క ట్రైలర్ హోయిట్ డ్రిల్లు పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "బావమరిది కోసం సొంత మంచం కోసుకున్నవాణ్ణి నిన్నే చూశానయ్యా. మా ఆవిడ తమ్ముడొస్తే నేను మెట్టు కూడా దించను."

"డ్రిల్లు ఇలా ఇవ్వు" అన్నాడు ఎల్డన్.

మళ్ళీ కొలిచాడు. నాలుగు వేళ్ళంత తక్కువ. ఇంక మిగిలింది కిటికీ కింద బెంచీ ఒక్కటే.

అది రాయిస్ చేసిందే, బండి కొత్తగా ఉన్న రోజుల్లో. ఒక్క స్క్రూ లేదు. రోడ్డు కుదుపులకు స్క్రూలు వదులైపోతాయని చెక్కలోకి చెక్క దింపి బిగించాడు. ఎల్డన్ వచ్చిన నాటి నుంచీ అతని మోకాలు దానికే తగులుతోంది. తీసేద్దామన్నప్పుడల్లా నడీన్‌ది ఒకటే మాట. "దాని జోలికి వెళ్ళకు."

ఇప్పుడు ఆమె బెంచీ మీద అరచెయ్యి ఆనించింది. కాసేపుంచి తీసింది. "కోసెయ్" అని బయటికి వెళ్ళిపోయింది.

ఎల్డన్ రంపం పెట్టబోయి ఆగాడు. బెంచీ గోడ వాసాల్లోకి దిగి ఉంది. కోస్తే కిటికీ గోడ కూడా దాంతో పాటే వచ్చేస్తుంది. కొయ్యకపోతే మంచం పట్టదు. మూడు దాటింది. రంపప్పొట్టులో చతికిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక ఆసుపత్రికి ఫోన్ చేసి రాయిస్‌ను పిలవమన్నాడు. అతనితో ఇంతవరకూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు.

అవతల ఊపిరి ఈలలు వేస్తోంది. "రంపం చేతిలో ఉందా?"

"ఉంది."

"దించు, కసాయోడా." నవ్వబోతే దగ్గొచ్చింది. "కుడి మూల కింద చెయ్యి పెట్టు. ఇంకా లోపలికి. చెక్క మేకు తగిలిందా? తిప్పి లాగు."

లాగాడు. కిర్రుమని కూడా అనలేదు. బెంచీ మొత్తం ముడుచుకుని పలకలా గోడకు అంటుకుపోయింది.

"ముడుచుకుంటుందని నడీన్‌కు తెలీదే!"

"ముడిచే అవసరం రాకముందే నేను వెళ్ళిపోయాను."

"మేకు అంత నున్నగా ఎలా వచ్చింది?"

"సబ్బు పట్టించాను. బండి కదిలినప్పుడల్లా అది కిర్రుమంటే ఆ పిల్లకు నిద్ర ఉండదు. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటుంది."

"ఇప్పటికీ అంతే" అన్నాడు ఎల్డన్.

"ముందే అడగొచ్చుగదయ్యా. ఎప్పుడో చెప్పేవాణ్ణి" అన్నాడు రాయిస్.

నాలుగింటికి అంబులెన్సు వచ్చింది. మంచం లోపలికి వెళ్ళింది. గోడకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. నర్సమ్మ ఆ సందులో చెయ్యి పెట్టి చూసి, సరేనన్నట్టు తలూపింది. నడీన్ అప్పుడు గాలి పీల్చుకుంది.

రాయిస్ కళ్ళు తెరిచి వాసన చూశాడు. "గింజలు మళ్ళీ మాడ్చావా?"

"నోర్మూసుకో" అంది నడీన్. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

పొద్దుగూకింది. రోజూ పడుకునేదాకా దడదడలాడించే జనరేటర్‌ను హోయిట్ ఎవరూ అడగకుండానే ఆపేశాడు. నడీన్ ముక్కాలిపీట జరుపుకుని రాయిస్ చెయ్యి పట్టుకుంది. వేళ్ళు వేళ్ళలో చిక్కుకున్నాయి.

"నువ్వెళ్ళి పడుకో, ఎల్డన్" అంది.

"వెనక మంచం నీకే. ఎప్పుడైనా నడుం వాల్చు. నేను ట్రక్కులో పడుకుంటాను."

ఆమె తల తిప్పి చూసింది. ఏదో చెప్పబోయింది.

"తెలుసులే" అన్నాడు.

కంబళి భుజాన వేసుకున్నాడు. ముడుచుకున్న బెంచీని దాటుతుంటే, మొదటిసారి మోకాలికి ఏమీ తగల్లేదు.

బండి కదలకుండా మెట్టు దిగి, తన భార్యనూ ఆమె మొదటి భర్తనూ లోపల వదిలి, ఎల్డన్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.