అక్క ఎందుకు రాలేదు

“ఫ్యాను ఆపుతున్నానమ్మా. గాలి చప్పుడు మైకులో పడుతుంది.”

“ఆపు, ఆపు. కడుపున పుట్టిందే పోయాక నాకు గాలొక్కటే తక్కువైంది,” అంది తల్లి.

చెల్లెలు పట్టించుకోలేదు. ఫోనును మూడుకాళ్ళ స్టాండు మీద బిగించింది. తల్లి కొంగు అంచుకు చిన్న మైకు తగిలించింది. కిటికీ తెర పక్కకు లాగింది. అంతే ఆమె సరంజామా. డైరెక్టరూ తనే, కెమెరామ్యానూ తనే, టీ తెచ్చిపెట్టే మనిషీ తనే. ఇంతకు ముందు ఇంటి మేడమెట్ల మీదా, తండ్రి వదిలిపోయిన చెప్పుల మీదా ఇలాగే ఒంటిచేత్తో చిన్న చిన్న సినిమాలు తీసింది. ఈసారి అక్క మీద.

అక్కను బావ కొట్టి చంపాడు. జైల్లో ఉన్నాడు. అందులో అడగడానికి ఇంకేమీ లేదు. అడగాల్సింది వేరే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం అక్క కట్టుబట్టలతో ఆ ఇంట్లోంచి బయటపడింది. ఆమె ఫోనును బావ అప్పటికే నేలకేసి కొట్టాడు. చెల్లెలు ఒక్కతే ఉండే ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా సాయంత్రానికి అక్క తన కాళ్ళతో తనే తిరిగి ఆ ఇంటికే వెళ్ళింది. చెల్లెలి దగ్గరికి ఎందుకు రాలేదు? సినిమా అంతా ఆ ఒక్క ప్రశ్నే.

“సర్దుకుపొమ్మని అక్కకు నూరిపోసింది నువ్వే కదమ్మా?”

“నేనే. ఒప్పుకున్నాను కదే! మొన్నా ఇదే అడిగావు. వెలుతురు బాగాలేదని మళ్ళీ అడుగుతున్నావు. నా ఏడుపు కూడా రెండోసారి ఇంకా బాగా రావాలా?”

చెల్లెలు కిటికీ తెర ఇంకాస్త పక్కకు లాగింది.

“నువ్వన్న మాట కూడా పెట్టు నీ సినిమాలో,” అంది తల్లి.

అన్న మాట నిజమే. అంతకు ముందోసారి అక్క పెదవి చిట్లి వచ్చింది. మందు రాస్తూ చెల్లెలు ఉడుకుమోత్తనంతో అనేసింది: “మళ్ళీ వాడి దగ్గరికి వెళ్ళావంటే నా గుమ్మం తొక్కకు.” అక్క వెళ్ళింది. ఆ మాటే అక్క కాళ్ళకు అడ్డం పడిందేమోనని చెల్లెలికి లోపల సలుపుతూనే ఉంది. కాదని ఎవరైనా ఒక్కరు చెబుతారేమోనని మైకు పట్టుకుని గడప గడపా తిరుగుతోంది.

అక్కకు ఈ సినిమాలంటే భలే నవ్వు. మైకులో బ్యాటరీలు అయిపోతే కొట్టుదాకా వెళ్ళే ఓపిక చెల్లెలికి ఉండేది కాదు. ఇంట్లో కనబడినదాన్నల్లా విప్పేది. గోడ గడియారం ఆగిపోయింది. టీవీ రిమోటు మూలపడింది. “నీ మైకు ఇల్లంతా మింగేసిందే. ఇక మిగిలింది నా గుండెకాయ. అది కూడా పీకి పెట్టుకో,” అనేది అక్క.

చెల్లెలు తన గొంతు రికార్డు చేసుకునేది వెనక గదిలో. బయటి చప్పుడు రాకుండా తలుపుకూ కిటికీకీ బొంతలు వేలాడదీసేది. వీధి తలుపు విరగ్గొట్టినా లోపలికి వినబడదు. అలా ఒకసారి గుమ్మంలో పడిగాపులు పడ్డ అక్క, మర్నాడే తీగల్లేని బెల్లు ఒకటి కొనుక్కొచ్చింది. మీట గుమ్మం పక్కన అతికించింది. మోగే పెట్టెను వెనక గదిలో, చెల్లెలి బల్ల మీద పెట్టింది.

“ఇక తలుపు తీయలేదంటే చెవుడనుకోను. పొగరనుకుంటాను,” అంది.

మిగతావాళ్ళంతా ఫోను చేసి వస్తారు. ఆ బెల్లు నొక్కేది అక్క ఒక్కతే.

ఆ రోజు మధ్యాహ్నం కూడా చెల్లెలు వెనక గదిలోనే ఉంది. మేడమెట్ల సినిమాకు గొంతు రికార్డు చేసుకుంటోంది. బెల్లు మోగలేదు.

చివరికి మిగిలింది ఎదురింటి పిన్నిగారు. ఇన్నాళ్ళూ కెమెరా అంటేనే ముఖం తిప్పుకున్న మనిషి, ఎందుకో ఈసారి సరేనంది.

“తల దువ్వుకోనా?”

“వద్దు పిన్నిగారూ. ఇలాగే బాగున్నారు.”

“నీకేం, అలాగే అంటావు. చూసేవాళ్ళు నవ్వేది నన్ను కదా.”

చెల్లెలు మైకు తగిలించి, ఫోను వెనక నిలబడింది. “ఆ రోజు మా అక్క ఎటు వెళ్ళిందో చూశారా?”

పిన్నిగారు ఫోను వంక చూడలేదు. సూటిగా చెల్లెలి కళ్ళలోకి చూసింది.

“తెలియనట్టు అడుగుతావేమమ్మా? సినిమా కోసమా?”

“నిజంగానే తెలియదు.”

“మీ ఇంటికే వచ్చింది. బెల్లు నొక్కింది. నొక్కుతూనే ఉంది. ‘లోపలే ఉంది, నొక్కమ్మా’ అని మా వరండాలోంచి నేనే చెప్పాను. మెట్టు మీద కూలబడింది. మళ్ళీ లేచి నొక్కింది. ‘లోపలే ఉందా? అయితే అన్నంత పనీ చేసింది మా చెల్లి’ అని నవ్వింది. ఆ నవ్వుతోనే వెళ్ళిపోయింది.”

“అబద్ధం. బెల్లు మోగలేదు.”

“అక్కాచెల్లెళ్ళ మధ్య నేనెవర్ని? నువ్వు కావాలనే తీయలేదనుకున్నాను. అందుకే ఇన్నాళ్ళూ నీ ముఖం చూడబుద్ధి కాలేదు.”

చెల్లెలు రికార్డింగు ఆపలేదు. స్టాండునూ ఫోనునూ అక్కడే వదిలేసి వీధి దాటింది. ఇంటి గుమ్మం పక్కనున్న మీటను నొక్కింది. చెవి ఒగ్గి విన్నది. మళ్ళీ నొక్కింది.

వెనక గదిలోకి వెళ్ళింది. బల్ల మీద దుమ్ము పట్టిన బెల్లు పెట్టెను చేతిలోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది.

వెనక మూత తీసి చూస్తే, బ్యాటరీలు ఉండాల్సిన రెండు గళ్ళూ ఖాళీ.