ఓడిన ఆట మళ్ళీ

మందుల షాపు నుంచి తిరిగొచ్చిన గ్లెనిస్‌కు ముందు గదిలో మొదట కనిపించినవి అక్క మొగుడు నెవిల్ పిర్రలు. తల టీవీ బల్ల కింద ఉంది. నాలుగు రోజులుగా విప్పని బనీను వీపుకు అతుక్కుపోయింది. నేలంతా వైర్లు. వాటి మధ్య పళ్ళెంలో ఎండిన గుడ్డు సొన, దాని మీద ఈగలు.

ఆమె మందుల సంచీ కుర్చీలో పడేసింది.

"ఇంకా అవలేదా నెవ్?"

"డీకోడర్ పనిచేస్తోంది. కంప్యూటర్‌కి కలపాలి. ఆ టార్చి ఇలా అందుకో."

గ్లెనిస్ అందుకోలేదు. వెనక గదిలోంచి అక్క కోరల్ మూలుగు వినిపిస్తోంది.

కోరల్‌కు పేగుల్లో కేన్సర్. ఇక చేసేదేమీ లేదని పెర్త్ డాక్టర్లు ఇంటికి పంపేశారు. కాల్గూర్లీలో ఉద్యోగానికి సెలవు పెట్టి గ్లెనిస్ ఈ సదరన్ క్రాస్ ఊరికి వచ్చి నెల దాటింది. అక్కకు మార్ఫిన్ పట్టడం, ఒళ్ళు తుడవడం, దుప్పట్లు ఉతకడం అన్నీ ఆమే.

మొన్న శనివారం దాకా నెవిల్ కూడా మంచం పక్కనుంచి కదల్లేదు. ఆ సాయంత్రం కాస్త గాలి పీల్చుకొస్తానని పబ్‌కి వెళ్ళాడు. అక్కడి పెద్ద టీవీలో మెల్‌బోర్న్ నుంచి ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, అదే ఫుటీ ఆట, వస్తోందట. సగం గ్లాసు బీరు వదిలేసి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. అంతే, అప్పుడు పట్టిందీ పిచ్చి. సోమవారం పొద్దున్నే ఐదు గంటల ప్రయాణం పెట్టుకుని కాల్గూర్లీ పోయి వచ్చాడు. టీవీకున్న పాత పెట్టె తీసేసి, బొమ్మ మరింత స్పష్టంగా చూపే హైడెఫినిషన్ డీకోడర్ తెచ్చాడు. ఆ రోజంతా కోరల్ ఆయన పేరు పిలుస్తూనే ఉంది.

"డీకోడర్ టీవీకి పెట్టుకుని చూడొచ్చుగా? మధ్యలో కంప్యూటరెందుకు?"

"టీవీలో అయితే బొమ్మ వచ్చి పోతుంది. కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఆపుకోవచ్చు. పెద్దది చేసుకోవచ్చు."

"ఏ ఆట?"

"శనివారంది. పన్నెండింటికి మళ్ళీ వేస్తారు."

"అందులో మీవాళ్ళు ఎనభై పాయింట్ల తేడాతో మట్టికరిచారు నెవ్! ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నారు."

"తెలుసు."

"ఓడిన ఆట మళ్ళీ చూడ్డానికి ఇంత తంతా? అవతల పెళ్ళాం ప్రాణం పోతుంటే!"

నెవిల్ టార్చి తనే తీసుకుని మళ్ళీ బల్ల కిందికి దూరాడు. మొదట ఒంటి తీగతో కలిపాడు. టీవీకి పెడితే బొమ్మ చక్కగా వచ్చే తీగే అది. కంప్యూటర్‌కి పెడితే తెర నల్లగా ఉండిపోయింది. కాపీ చెయ్యనివ్వకుండా కంపెనీవాళ్ళు తాళం వేశారని బూతులు తిట్టాడు. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు మూడు తీసి, కంప్యూటర్ పక్కనున్న చిన్న డబ్బాకు గుచ్చాడు. ఈసారి బొమ్మ వచ్చింది కానీ ఆటగాళ్ళ ముఖాలన్నీ పాచిపట్టినట్టు నీలంగా ఉన్నాయి.

"ముఖాలు బాగా రావాలి," అని గొణిగాడు. "ముఖాలు బాగా రాకపోతే ఇదంతా దండగ."

రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాడు. గడ్డి పచ్చబడింది. ముఖాలకు రక్తం వచ్చింది. నెవిల్ మోకాళ్ళ మీదే కూర్చుని, మాసిన బనీనుతో కళ్ళు తుడుచుకున్నాడు. బంతాట కోసం ఏడ్చే మగాణ్ణి చూస్తుంటే గ్లెనిస్‌కు అసహ్యమేసింది. పళ్ళెం తీసుకెళ్ళి సింకులో విసిరికొట్టింది.

ఒంటిగంటకు ఆమె మార్ఫిన్ సిరంజి పట్టుకుని వెళ్ళేసరికి నెవిల్ మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క అరగంట ఆగి పట్టు గ్లెన్. అది పడితే తను నిద్రలోకి జారిపోతుంది. ఆటలో మూడో క్వార్టర్ తను మెలకువగా చూడాలి."

గ్లెనిస్ చెవులను నమ్మలేకపోయింది.

"నొప్పితో మెలికలు తిరుగుతోందిరా! నీ ఆట కోసం దానికి మందు ఆపమంటావా? నువ్వసలు మనిషివేనా? థూ!"

నిజంగానే ఉమ్మింది. అది ఆయన చెప్పుల దగ్గర పడింది.

నెవిల్ ఆమెవైపు చూడలేదు. మంచం మీదకు వంగాడు. "కోరల్, అరగంట ఓర్చుకోగలవా? నా కోసం."

కోరల్ పెదవులు కొరుక్కుని ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఓర్చుకుంటా," అంది.

ఆమెను చక్రాల కుర్చీలోకి ఎత్తుకుని ముందు గదికి తెచ్చాడు నెవిల్. గ్లెనిస్ సిరంజి చేతిలో పట్టుకునే వెనక నిలబడింది. ఆ నొప్పినీ, ఆ మూలుగునూ, తెర మీద అరుస్తున్న జనాన్నీ చూస్తుంటే వీడి చావుకి కూడా రాకూడదనుకుంది.

మూడో క్వార్టర్ మొదలైంది. అవతలి జట్టు గోల్ కొట్టింది. కెమెరా గోల్ వెనకున్న జనం మీదుగా ఒక్క క్షణం తిరిగింది. నెవిల్ మౌస్ నొక్కి బొమ్మ ఆపాడు. మూడో వరసను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు.

"నేను పొరబడ్డానేమో, నువ్వే చూసి చెప్పు," అన్నాడు.

కోరల్ మూలుగు ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళ క్రితం ఇంట్లోంచి మాయమై, ఇక బతికి లేదని పోలీసులు కూడా తేల్చేసిన వాళ్ళ కూతురు లీయాన్, ఆ తెర మీద ఒళ్ళో ఒక పసిపాపను కూర్చోబెట్టుకుని నవ్వుతోంది.